మూడు సీసాల మీదా ‘జాయ్’ అనే ఉంది: ఏది కొనాలి?

పోయిన నెల మా పిన్ని కూతురు డాలస్ నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. ఎవరిదో పాత ఇంటి సామాను అమ్ముతున్న చోట, బల్ల మీద మూడు సెంటు సీసాలు. ఒకటి చిన్న నల్ల సీసా, ఎర్ర బిరడా. రెండోది బంగారు రంగు మూత ఉన్న స్ప్రే, సగానికి పైగా ఖాళీ. మూడోది లేత గులాబీ రంగు నీళ్లతో కొత్తగా నిగనిగలాడుతోంది. మూడింటి మీదా ‘జాయ్’ అనే ఉంది. కింద ప్రశ్న: “అక్కా, మా అత్తగారు వాడిన జాయ్ ఇందులో ఏది? ఏది తీసుకోమంటావ్?”

ఆ అత్తగారు డెబ్బైల్లో అమెరికా వెళ్లిన డాక్టరమ్మ. చేతిలో కాస్త డబ్బు ఆడగానే చిన్న సీసా ఒకటి కొనుక్కున్నారట. పెళ్లిళ్లకీ పండగలకీ చెవి వెనక చుక్క అద్దుకునేవారట. స్ప్రే కొట్టుకోవడం కాదు, అద్దుకోవడం. ఆ ఒక్క మాటతో నాకు సగం సంగతి అర్థమైంది. “మూడోది పక్కన పెట్టు. రెండోది ఊరికే ఇచ్చినా వద్దు. మొదటిది మాత్రం సీల్ చూడకుండా డబ్బులివ్వకు” అని రాశాను. ఎందుకో చెప్పడానికి వాట్సాప్ చాల్లేదు, అందుకే ఇది.

ముందు కాస్త కథ చెప్పాలి, లేకపోతే సీసాల తేడా అర్థం కాదు. జాయ్‌ను 1930లో పారిస్‌లోని జాన్ పటూ ఫ్యాషన్ హౌస్ తెచ్చింది. పటూ అంటే ఆ రోజుల్లో చిన్న పేరు కాదు. టెన్నిస్ తార సుజాన్ లెంగ్లెన్ కోర్టులో వేసుకున్న మోకాళ్ల దాకా ఉండే గౌన్లు ఆయన కుట్టినవే. 1929లో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలడంతో ఆయన గౌన్లు కొనే అమెరికా మారాణులు చేతులు ముడుచుకున్నారు. వాళ్లకు గౌను బదులు ఒక సీసా అయినా అందాలని ఆయన తన పరిమళాల నిపుణుడు ఆన్రి అల్మెరాస్‌ను పిలిచాడు. అల్మెరాస్ ఒక నమూనా చూపించి, ఇది అమ్మకానికి పనికిరాదు, ఖర్చు విపరీతం అన్నాడనీ, పటూ అదే కావాలన్నాడనీ చెప్పుకుంటారు. పార్టీలు జరిపించడంలో పేరుమోసిన అమెరికా ఆవిడ ఎల్సా మాక్స్‌వెల్ దీనికి ‘ప్రపంచంలోకెల్లా ఖరీదైన పరిమళం’ అనే బిరుదు తగిలించిందంటారు. జనం చేతిలో డబ్బు లేని ఏడాదిలో ఖరీదునే గొప్పగా చాటుకున్న సరుకు ఇది. అమ్ముడుపోయింది కూడా.

30 మిల్లీలీటర్లకు 10,600 జాస్మిన్ పూలు, 28 డజన్ల గులాబీలు అని పటూ వాళ్లు దశాబ్దాల పాటు ప్రకటించుకున్నారు. వినడానికి భయంకరంగా ఉంటుంది గానీ ఒకసారి తూకం వేసి చూడండి. జాజి పువ్వు గాలికి ఎగిరిపోయేంత తేలిక. కిలోకు ఎనిమిది నుంచి పది వేల పూలు తూగుతాయి. అంటే కిలో పైచిలుకు జాజులు, 336 గులాబీలు కలిపి అరచేతిలో పట్టే ఒక సీసాలో. పూల బజారుకు వెళ్లే మనకు కిలో అనేది ఊహకు అందే లెక్క. కాకపోతే ఈ పూలు దక్షిణ ఫ్రాన్స్‌లో గ్రాస్ ఊరి చుట్టుపక్కల తెల్లవారుజామున ఒక్కొక్కటిగా కోసినవి. ఇప్పుడు గ్రాస్‌లో ఆ తోటలు చాలా తక్కువే మిగిలాయి. ప్రపంచ పరిశ్రమ వాడే జాస్మిన్‌లో ఎక్కువ భాగం మన దేశం నుంచి, ఈజిప్టు నుంచి వెళ్తోంది. మన వైపు నుంచి ప్రధానంగా తమిళనాడు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ‘జాస్మిన్’ అని చదవగానే మనం బొండుమల్లెను ఊహించుకుంటాం. జాయ్‌లో ఉన్నది మల్లె కాదు, జాజి. మల్లె పచ్చగా, చల్లగా, తలలో పెట్టుకున్న క్షణం నుంచే కులాసాగా ఉంటుంది. జాజి అంత సౌమ్యం కాదు. తియ్యదనం ఎక్కువ, బాగా మగ్గిన పండు వాసన తగులుతుంది, అడుగున కొంచెం బరువైన, ఒంటి వాసన లాంటిదేదో ఉంటుంది. మల్లెపూల సెంటు అనుకుని జాయ్ కొన్న తెలుగువాళ్లలో సగం మంది మొదటి రోజు మొహం చిట్లిస్తారు. నేనూ చిట్లించాను.

ఆ బరువును ఇంకా పెంచేది అడుగున ఉన్న పునుగు. అవును, తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి పులిమే పునుగు తైలం పేరు విన్నారు కదా, అదే జాతి వస్తువు. ఫ్రెంచివాళ్లు ‘సివెట్’ అంటారు. నేరుగా సీసాలో వాసన చూస్తే ముక్కు వెనక్కి తీసుకుంటాం. చిటికెడు కలిపితే మాత్రం పూలకు ప్రాణం వస్తుంది, వాసన ఒంటిని పట్టుకుని గంటల తరబడి వదలదు. కస్తూరి, పునుగు, జవ్వాది అని మన పాతకాలం వాళ్లు వరుసగా చెప్పే సరుకుల విలువ ఫ్రెంచివాళ్లకూ తెలుసు. ఈ రోజుల్లో పరిశ్రమ వాడేది దాదాపు అంతా ప్రయోగశాలలో తయారైన పునుగే.

చేతి మీద ఒక చుక్క పర్‌ఫ్యూమ్ వేసుకుంటే నాకు కనిపించే క్రమం ఇది. మొదటి ఐదు నిమిషాలు సబ్బు నురగ లాంటి మెరుపు, దాని వెనక ఏదో ఆకు పసరు. ఇరవై నిమిషాలకు జాజీ గులాబీ ఏది ఏదో తెలియనంతగా కలిసిపోతాయి. జాయ్ అంటే నిజానికి ఆ కలయికే. మధ్యలో లిల్లీ పూల దండ వాసన తొంగిచూస్తుంది, మన పూలకొట్లలో లిల్లీ అని అమ్మే తెల్ల కాడపూలే. రెండు గంటలకు తేనె, దాని కింద పునుగు. మర్నాడు ఉదయం జేబురుమాలు మీద గంధం, కొద్దిగా కస్తూరి లాంటి వెచ్చదనం మిగులుతాయి.

ఇక సీసాల సంగతి.

పిన్ని కూతురి ఫొటోలో మూడోది డియోర్ వాళ్ల జాయ్. 2018లో వచ్చింది. పటూ కంపెనీ చేతులు మారుతూ వచ్చింది: 2001లో పరిమళాల వ్యాపారం ప్రోక్టర్ అండ్ గాంబుల్‌కు, 2011లో ఒక బ్రిటిష్ కంపెనీకి, 2018లో ఎల్‌వీఎంహెచ్ గ్రూపుకు. డియోర్ కూడా ఆ గ్రూపుదే. అలా పేరు ఇటు నుంచి అటు నడిచి వెళ్లింది. పటూ పేరుతో బట్టలు మళ్లీ వస్తున్నాయి గానీ పాత జాయ్ తయారీ ఆగిపోయింది. డియోర్ సీసాలో ఉన్నది ఫ్రాన్సువా డెమషీ చేసిన వేరే పరిమళం. కమలాపండు జాతి తాజాదనం, శుభ్రంగా ఉతికిన బట్టల లాంటి తెల్ల కస్తూరి, పైపైన పూలు. ఆఫీసుకు వేసుకోవడానికి బాగుంటుంది, ఎవరూ తల తిప్పి చూడరు. బాగాలేదని అనను. అత్తగారికి ఇస్తే మాత్రం ‘ఇది కాదే’ అంటారు.

పేరు చూసి మోసపోయే చోట్లు ఇంకో రెండున్నాయి. 2003లో పటూ వాళ్లే ‘ఎంజాయ్’ అని కుర్రకారు కోసం ఒకటి తెచ్చారు. 2013లో ‘జాయ్ ఫరెవర్’ వచ్చింది. రెండూ అసలు జాయ్ కావు. పాత సామాను అమ్మేవాళ్లు పేరులో జాయ్ కనిపిస్తే చాలు ‘వింటేజ్ జాయ్’ అని రాసేస్తారు. డబ్బా మీద పూర్తి పేరు చదవండి.

అసలు జాయ్‌లోనే మూడు రకాలు ప్రధానంగా దొరుకుతాయి: పర్‌ఫ్యూమ్ (అన్నిటికంటే చిక్కనిది), ఈడీపీ (ఓ ద పర్‌ఫ్యూమ్, కాస్త పలచన), ఈడీటీ (ఓ ద టాయ్‌లెట్, ఇంకా పలచన). ఇది ఒకటే వంటకంలో నీళ్లు ఎక్కువ తక్కువల వ్యవహారం మాత్రమే అనుకుంటారు చాలామంది. కాదు. నా ముక్కుకు పర్‌ఫ్యూమ్‌లో జాజి, పునుగు ముందుంటాయి. ఈడీపీలో గులాబీ, తేనె పైచేయి, గుండ్రంగా, నెమ్మదిగా ఉంటుంది. ఈడీటీలో ఆ సబ్బు మెరుపు ఎక్కువసేపు నిలుస్తుంది, పూలు పలచబడతాయి. జాయ్ అంటే ఏమిటో తెలుసుకోవాలని కొనేవాళ్లు పర్‌ఫ్యూమే కొనాలి, 7.5 మిల్లీలీటర్ల సీసా అయినా సరే. రోజూ వాడుకుంటాను, పునుగు నాకు పడదు అనేవాళ్లు ఈడీపీ చూడొచ్చు. ఈడీటీ నేను ఎవరికీ చెప్పను. చౌకగా దొరుకుతుందనే మాట నిజమే, దొరికేది కూడా ఎక్కువగా అదే. కానీ పాతబడినప్పుడు ముందు చెడేది పైన ఉండే ఆ మెరుపు, ఈడీటీకి ఉన్న ఆస్తి అంతా అదే. ‘ఓ ద జాయ్’ అని రాసి ఉన్న ఇంకా పాత సీసాలు కూడా అప్పుడప్పుడు తగులుతాయి. పోగుచేసే సరదా ఉంటే తీసుకోండి.

ఏ కాలంది కొనాలి? ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. 1967 నుంచి 1998 దాకా పటూ ఇంట్లో పరిమళాలు చూసింది జాన్ కెర్లియో. తయారీ ఆగిపోయిన పరిమళాలను భద్రపరిచే ఒస్మోతెక్ అనే సంస్థ వెర్సాయ్‌లో 1990లో మొదలైంది, దాని వ్యవస్థాపకుల్లో ఆయన ముఖ్యుడు. అలాంటి మనిషి చేతిలో ఉన్న రోజుల జాయ్‌కు నా ఓటు. 1950లకు ముందువి చూడటానికి అందంగా ఉంటాయి గానీ పైవాసన చాలావరకు ఆవిరైపోయి ఉంటుంది. 2001 తర్వాతవి తీసిపారేయాల్సినవేమీ కావు. శుభ్రంగా, కొంచెం సన్నగా ఉంటాయి. పాత మస్క్‌లలో (కస్తూరి వాసనిచ్చే కృత్రిమ పదార్థాలు) కొన్నింటిని పరిశ్రమ వాడటం మానేసింది, జాజి సారం మోతాదు మీద కూడా పరిమితులొచ్చాయి. ఆ తేడా అడుగున తెలుస్తుంది. పాతది చెడిపోయి ఉంటుందేమోనని భయపడేవాళ్లకు ఈ తరం సీసా, అందులోనూ సీల్ తీయనిది, మంచి రాజీ.

కాలం పోల్చుకోవడానికి ఒక తేలిక గుర్తు ఉంది. డబ్బా అడుగు భాగం ఫొటో అడగండి. అక్కడ లినలూల్, జెరానియోల్, సిట్రోనెల్లోల్ అంటూ చాంతాడంత జాబితా ఉంటే అది 2005 దరిదాపుల్లోది లేదా ఆ తర్వాతది. అలెర్జీ కలిగించే 26 పదార్థాల పేర్లు డబ్బా మీద వేయాలని యూరప్‌లో అప్పుడే నియమం వచ్చింది. జాబితా లేకుండా బార్‌కోడ్ మాత్రమే ఉంటే ఎక్కువగా ఎనభై, తొంభైల సరుకు. రెండూ లేకపోతే ఇంకా పాతది. డబ్బా లేకుండా సీసా ఒక్కటే అమ్ముతుంటే ఈ ఆధారం పోయినట్టే. పైగా ఆ సీసా ఇన్నేళ్లూ వెలుతురులో నిలబడిందన్నమాట. నల్ల సీసాకు వెలుతురు బాధ తక్కువ. కానీ లోపల ఎంత ఉందో కనిపించదు, అమ్మేవాళ్లను తూకం అడగాల్సిందే.

నా సొంత దెబ్బ ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట ఆన్‌లైన్‌లో పెద్ద ఈడీటీ సీసా చవగ్గా కనిపిస్తే ఆశపడ్డాను. ఫొటోలో మూడొంతులు నిండి ఉంది. వచ్చాక చూస్తే సగం. రంగు చిక్కటి టీ డికాక్షన్. మూత తీయగానే గోళ్ల రంగు తుడిచే రిమూవర్ వాసన గుప్పుమంది. అరగంట ఓపిక పట్టాను, వాసన మారుతుందని. మారింది, వెనిగర్‌లోకి. ఫొటో అట్టపెట్టెలో ప్యాక్ చేసే ముందు తీసిందో, పదేళ్ల కిందట తీసిందో అడిగితే జవాబు లేదు. సీసా ఇప్పటికీ ఉంది, అందులో మనీప్లాంట్ కొమ్మ పెట్టాను.

అప్పటినుంచి మూడు విషయాలు అడగకుండా కొనను. సీసా వెలుతురుకు ఎదురుగా పెట్టి ఈ రోజు తీసిన ఫొటో కావాలి. నీళ్లు సీసా మెడ దాకా ఉండాలి, ఎందుకంటే ఖాళీ జాగాలో ఉన్న గాలే దాన్ని పాడుచేస్తుంది; ఫొటోలోని రెండో సీసా ఊరికే ఇచ్చినా వద్దన్నది అందుకే. పర్‌ఫ్యూమ్ అయితే బిరడా చుట్టూ పల్చటి పొర, దాని మీద దారం చుట్టి ఉందో లేదో చూపించాలి. పొర చిరగకుండా ఉంటే యాభై ఏళ్ల సీసా అయినా నిక్షేపంగా ఉండే అవకాశం ఎక్కువ. రంగు ముదరడం ఒక్కటే చూసి భయపడక్కర్లేదు. జాజి సారం వయసు పెరిగేకొద్దీ తనంతట తనే ఎర్రబారుతుంది. తేనె రంగు, లేత బెల్లం పాకం రంగు పర్వాలేదు. టీ డికాక్షన్ దాటితే వదిలేయండి.

అన్నిటికంటే ముందు, పెద్ద సీసా జోలికి పోకుండా ఒకటి రెండు మిల్లీలీటర్ల డికాంట్ తెప్పించుకోండి. పాత పరిమళాలు పోగుచేసేవాళ్లు అలా చిన్న చిన్న గొట్టాల్లో పోసి అమ్ముతుంటారు. పునుగు మీకు పడుతుందో లేదో ఆ రెండు చుక్కలతో తేలిపోతుంది.

పాత సరుకు గొడవంతా నాకెందుకు, కొట్లో దొరికేది చెప్పండి అంటారా? అచ్చంగా జాయ్ లాంటిది లేదు, దగ్గర చుట్టాలు ఉన్నాయి. వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ వాళ్ల ‘ఫస్ట్’ 1976లో జాన్ క్లోద్ ఎలెనా చేసింది. జాజి, గులాబీ, ఆ సబ్బు మెరుపు అన్నీ ఉన్నాయి, ఇప్పటి సీసాలో కాస్త మెత్తబడ్డాయి. ధరకూ గుణానికీ చూస్తే నేను మొదట చెప్పేది ఇదే. షనెల్ నంబర్ 5 పర్‌ఫ్యూమ్ గ్రాస్ జాజిని ఇప్పటికీ వాడుతుంది, వాళ్లకు అక్కడ ప్రత్యేకంగా తోటలు సాగుచేసే కుటుంబమే ఉంది. కాకపోతే అందులో పూలు పౌడరు వెనక దాక్కుంటాయి, జాయ్‌లో లాగా మీదపడవు. ఒమన్‌కు చెందిన అమువాజ్ ‘గోల్డ్’ 1983 నాటిది, గీ రొబేర్ చేసింది. ఆ పాతకాలపు దర్పం కావాలనుకునేవాళ్లకు ఇది, జేబు అందుకు ఒప్పుకోవాలి మరి. పటూ వాళ్లదే ఇంకొకటి, 1972లో కెర్లియో చేసిన ‘1000’, నాకు జాయ్ కంటే ఇష్టం. అదీ ఆగిపోయింది కాబట్టి ఆ దారిలో వెళ్తే మళ్లీ ఇదే తంతు.

ఇంకో చవకైన దారి: ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ చమేలీ అత్తరు. చమేలీ అంటే మన జాజే. గంధం నూనెలో దింపిన మంచి చమేలీ అత్తరు చుక్క ఒకటి, దాని పక్కన గులాబీ అత్తరు చుక్క ఒకటి మణికట్టు మీద అద్ది చూడండి. జాయ్ రాదు. జాజీ గులాబీ కలిస్తే ఏమవుతుందో ముక్కుకు పాఠం వస్తుంది.

తెప్పించుకోవడం ఇంకో తలనొప్పి. సెంటు అంటే ఆల్కహాలు, మండే వస్తువు. విదేశాల నుంచి మామూలు పోస్టులో వేస్తే మధ్యలో ఆగిపోవచ్చు. మనుషుల చేత తెప్పించుకోవడం మేలు. చెక్-ఇన్ సామానులో ఒక్కొక్కటి అర లీటరు మించకుండా, అలాంటి సరుకంతా కలిపి రెండు కిలోలు మించకుండా తేవచ్చు. చేతిసంచిలో అయితే 100 మిల్లీలీటర్ల లోపే. బిరడా సీసాను తప్పనిసరిగా నిలువుగా, ప్లాస్టిక్ సంచిలో కట్టి సర్దమనండి. బిరడా కదిలి సగం కారిపోతే సూట్‌కేసులో చీరలన్నీ ఆరునెలలు జాయ్ వాసనే.

చీరలంటే గుర్తొచ్చింది. పర్‌ఫ్యూమ్‌ను పట్టు మీద వేయకండి, జాజి సారం మరక పడితే పోదు. ఒంటికే. ఇంటికి చేరాక డబ్బాలోనే ఉంచి బీరువా కింది అరలో పెట్టండి. బాత్రూమ్ అల్మారా వద్దు, కిటికీ పక్క డ్రెస్సింగ్ టేబుల్ అసలు వద్దు. విజయవాడ మే నెల ఎండల్లో మూసిన గది ఎంత వేడెక్కుతుందో నేను చెప్పక్కర్లేదు.

పిన్ని కూతురు నల్ల సీసానే తీసుకుంది. పొర చెక్కుచెదరలేదు, దారం ఉంది, డబ్బా మీద బార్‌కోడ్ ఉంది, జాబితా లేదు. బిరడా మాత్రం ఊడి రాలేదు. ఇలాంటివి చాలా సీసాల్లో బిగుసుకుపోతాయి, లాగితే మెడ విరుగుతుంది. దారం కత్తెరతో కోసి, పొర ఒలిచి, బిరడా చుట్టూ ఒక చుక్క నూనె వేసి పూటంతా వదిలేయాలి. తర్వాత గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను మెడకు చుట్టి, అర నిమిషం ఆగి, చెక్క గరిటె కాడతో అటూ ఇటూ మెల్లగా తట్టాలి. కదిలాక తిప్పుతూ తీయాలి. మొదటి చుక్క చేతి మీద వేసుకుని అరగంట ఏదైనా పని చూసుకోమన్నాను. ఆలోగా వాసన చూసి, చెడిపోయిందని నాకు ఫోన్ చేయొద్దన్నాను. పది నిమిషాలకే చేసింది.